నెగ్రోస్ ఆక్సిడెంటల్: చెరకు పండే నేల, పస్తులుండే నెలలు

వానలు మొదలై, నేల తడిసి, కొండల నుంచి కడలి దాకా ఎటు చూసినా పచ్చదనం పరచుకునే నెలల్లోనే కూలీల ఇళ్లలో బియ్యం నిండుకునే ప్రాంతం ఒకటుంది. ఫిలిప్పీన్స్ నడుమ విసయాస్ దీవుల్లో ఉన్న నెగ్రోస్ ఆక్సిడెంటల్ ప్రావిన్సు అది. కరువంటే వాన రాకపోవడమేనని, వాన వస్తే ఇంట నాలుగు గింజలుంటాయని నమ్ముతూ వచ్చిన మనకు ఈ తలకిందుల లెక్క ఒక పట్టాన మింగుడుపడదు. ఆ ప్రాంతపు నేలను, మనుషులను, రాబడిని వేరువేరుగా చదివితే ఈ చిక్కు విడదు. మూడింటినీ ముడివేసింది చెరకు కాబట్టి, చెరకు వెంట నడుస్తూనే ఆ ప్రాంతాన్ని గురించి రాస్తున్నాను.

విస్తీర్ణంలో నెగ్రోస్ ఫిలిప్పీన్స్‌లో నాలుగో పెద్ద దీవి. దాని నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగే కొండల వరుసకు పడమరన, ఉత్తరాన ఉన్న భాగం నెగ్రోస్ ఆక్సిడెంటల్. తూర్పున, ఆగ్నేయాన ఉన్న భాగం నెగ్రోస్ ఓరియంటల్. రెండింటి సరిహద్దు మీద కన్లావోన్ అగ్నిపర్వతం సుమారు 2,435 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. విసయాస్ మొత్తంలో అంతకు మించిన శిఖరం లేదు. అది చల్లారిన కొండ కాదు, ఇప్పటికీ బూడిద కక్కుతూనే ఉంటుంది. వేల ఏళ్లుగా అది వెదజల్లిన బూడిద, వాలుల మీదుగా వాగులు మోసుకొచ్చిన ఒండ్రు కలిసి పడమటి తీరం వెంట విశాలమైన సారవంతమైన మైదానంగా ఏర్పడ్డాయి. ఆ మైదానానికి ఎదురుగా గిమరాస్ జలసంధి, దాని ఆవల పనాయ్ దీవి ఉన్నాయి. ఉత్తరాన విసయన్ సముద్రం, తూర్పున టాన్యోన్ జలసంధి, నైరుతిన సులు సముద్రం ఉన్నాయి.

పడమటి మైదానంలో ఏడాది రెండు స్పష్టమైన కాలాలుగా విడిపోతుంది. నవంబరు, డిసెంబరుల నుంచి ఏప్రిల్ దాకా పొడి వాతావరణం, మిగిలిన నెలల్లో వానలు. చెరకుకు ఇంతకంటే అనువైన ఏర్పాటు దొరకదు. వానకాలంలో గడ ఏపుగా పెరుగుతుంది. వానలు తగ్గి నేల ఆరేటప్పుడు ఎదుగుదల నెమ్మదించి గడలో చక్కెర పోగుపడుతుంది. నరికిన గడను లారీల్లో తరలించడానికి పొలం బాటలు కూడా అప్పటికి గట్టిపడతాయి. చక్కెర మిల్లులు సెప్టెంబరు, అక్టోబరులలో మొదలై ఏప్రిల్, మే దాకా ఆడుతాయి. ఫిలిప్పీన్స్‌లో తయారయ్యే చక్కెరలో సగానికి పైగా ఈ దీవి నుంచే వస్తుంది.

అలాగని ఇక్కడ ఇంకేమీ పండదనుకోకూడదు. బాగో నది కింద సాగునీరు అందే బాగో ప్రాంతం ఈ ప్రావిన్సుకు ధాన్యాగారం. కొండ వాలుల్లో మొక్కజొన్న, అరటి, కాఫీ, కూరగాయలు పండిస్తారు. ఉత్తరాన కాదిజ్, సాగాయ్ తీరాల్లో చేపల వేట జోరుగా సాగుతుంది. సాగాయ్ దగ్గర సుమారు 32,000 హెక్టార్ల సముద్ర భాగాన్ని 2001 నాటి చట్టం కింద రక్షిత ప్రాంతంగా కాపాడుతున్నారు. సాగాయ్ పరిధిలోని ఫాబ్రికాలో ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో మొదలైన కలప మిల్లు ఒకప్పుడు గట్టి కలప కోతలో ప్రపంచంలోనే అతిపెద్ద వాటిలో ఒకటిగా పేరు పొందింది. ఆ కోతకు, కొండల మీదికి ఎగబాకిన సాగుకు ఉత్తర నెగ్రోస్ అడవి చాలావరకు బలైపోయింది. ఇప్పుడు మిగిలిన కొద్ది అడవే దీవి వాగులకు ఆధారం.

మనుషుల విషయానికి వస్తే, స్పానిష్ వారు రాకముందు ఈ దీవిని బుగ్లాస్ అనేవారు. నల్లని మేనిఛాయ గల ఆటి తెగవారిని చూసి స్పానిష్ వారు దీనికి నెగ్రోస్ అని పేరు పెట్టారు. ఆ ఆదివాసులు ఇప్పుడు కొండల్లో కొద్దిమందిగా మిగిలారు. 2020 జనగణన ప్రకారం, పరిపాలనలో స్వతంత్రంగా ఉండే రాజధాని బకొలోడ్ నగరాన్ని మినహాయించి, ప్రావిన్సు జనాభా 26 లక్షలకు పైగా ఉంది. బకొలోడ్‌లో మరో 6 లక్షల మంది ఉన్నారు. పడమటి మైదానంలో మాట్లాడేది హిలిగైనోన్, అంటే ఎదురుగా పనాయ్ దీవిలోని ఇలోయిలో భాషే. తూర్పు తీరంలోని శాన్ కార్లోస్, ఎస్కలాంటే వైపు సెబువానో వినిపిస్తుంది. కొండలు అడ్డుగా ఉన్న కాలంలో జనం సముద్రం మీదుగా వచ్చి స్థిరపడ్డారు కాబట్టి, ఏ తీరానికి ఎదురుగా ఏ దీవి ఉంటే ఆ దీవి భాషే ఆ తీరానికి దక్కింది. 2024లో చట్టం చేసి రెండు నెగ్రోస్ ప్రావిన్సులను, పక్కనున్న సికిహోర్ దీవిని కలిపి నెగ్రోస్ ఐలాండ్ రీజియన్‌గా ఏర్పాటు చేశారు. అంతకుముందు 2015లో ఇటువంటి ప్రయత్నమే జరిగి రెండేళ్లకే రద్దయింది.

పంతొమ్మిదో శతాబ్దం నడిమి దాకా ఈ మైదానంలో చాలాభాగం అడవే. సిలాయ్ ప్రాంతంలో ఈవ్ లెయోపోల్డ్ జెర్మెన్ గాస్టన్ అనే ఫ్రెంచి దేశస్థుడు చెరకు సాగును వ్యాపార స్థాయిలో మొదలుపెట్టినవారిలో ఒకడని చెబుతారు. అయితే దీవి రూపురేఖలను మార్చివేసిన ఘటన సముద్రానికి అవతల జరిగింది. 1855లో ఇలోయిలో రేవును విదేశీ వ్యాపారానికి తెరిచారు. మరుసటి ఏడాది బ్రిటిష్ వైస్ కాన్సులుగా వచ్చిన నికొలస్ లోనీ వ్యాపారి కూడా. అప్పటికి ఇలోయిలో చేనేతకు పెట్టింది పేరు. మాంచెస్టర్ మిల్లు బట్ట చవకగా వచ్చిపడి ఆ మగ్గాలు మూలనపడ్డాయి. బట్ట దించిన ఓడలకు తిరుగు ప్రయాణంలో సరుకు కావాలి. ఆ సరుకు చక్కెర అయింది. లోనీ ఇనుప గానుగలను అప్పు మీద ఇప్పించి, పంట మీద పెట్టుబడులు సమకూర్చాడు. బట్టల వ్యాపారంలో డబ్బు చేసుకున్న ఇలోయిలో చైనీస్ మెస్టిజో (చైనా, స్థానిక మిశ్రమ సంతతి) కుటుంబాలు జలసంధి దాటి నెగ్రోస్‌లో భూములు పట్టాయి. పని పోయినవాళ్లు వాళ్ల వెంట కూలీలుగా వెళ్లారు. ఒక రేవు తెరుచుకున్నందువల్ల ఒక ఊరిలో మగ్గం ఆగిపోయి, ఎదుటి దీవిలో అడవి చెరకు తోటగా మారిన ఈ వరుస నాకు ఈ ప్రాంత చరిత్ర మొత్తంలోకీ ముఖ్యమైనదిగా తోస్తుంది. భూమి ముందుగా ఒకరి చేతిలో పడి, సేద్యం చేసేవాళ్లు తరువాత వచ్చిన చోట ఆ ఇద్దరి మధ్య ఎడం మొదటి రోజునే ఖరారైపోయింది.

అలా ఏర్పడిన ఎస్టేట్లే హసియెండాలు. వాటి యజమాని హసెండెరో ఊళ్లోనో బకొలోడ్‌లోనో ఉంటాడు, పొలం దగ్గర అతని తరఫున ఎన్‌కార్గాదో అజమాయిషీ చేస్తాడు, అతని కింద కాబో కూలీలను పురమాయిస్తాడు. ఎస్టేటు లోపలే గుడిసెలు వేసుకుని తరతరాలుగా ఉండే కూలీలను దుమాఆన్ అంటారు. ఇల్లు, పని, అప్పు మూడూ ఒకే యజమాని దగ్గర ఉండటంతో పని మానితే ఇల్లు కూడా పోతుంది. నరికే రోజులకు పనాయ్ దీవిలోని ఆంటికే ప్రావిన్సు నుంచి మేస్త్రీలు బయానా ఇచ్చి తీసుకొచ్చే వలస కూలీలు సకాదాలు. అక్కడి ఇంటివాళ్లకు ముందుగా ఇచ్చిన బయానా, ఇక్కడ తిన్న బియ్యం ఖర్చు కూలిలోంచి కోసేసుకుంటే, సీజను చివరికి చేతిలో ఏమీ మిగలక తిరిగి వెళ్లినవాళ్ల కథలు ఈ ప్రాంతంలో కోకొల్లలు.

చెరకు నరకడం ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చెప్పాలి. గడలో అడుగు భాగంలోనే చక్కెర ఎక్కువగా ఉంటుంది కనుక వెడల్పు కత్తితో నేలకు ఆనించి నరకాలి. ఎత్తుగా నరికితే చక్కెర పోవడమే కాదు, మిగిలిన మోడు నుంచి వచ్చే కార్శి తోట కూడా బలహీనపడుతుంది. ప్రతి గడకూ వంగి లేవాలి. తరువాత ఎండుటాకు చెలిగి, తల నరికి, గడలను వరుసగా పడేసి, కట్టలు కట్టాలి. ఆకు అంచులు రంపంలా కోస్తాయి కాబట్టి మండుటెండలోనూ నిండు చేతుల చొక్కా తొడిగి, తలా మొహమూ గుడ్డతో చుట్టుకుంటారు. కట్టను భుజానికెత్తుకుని, నేల నుంచి లారీ తొట్టి దాకా వాలుగా వేసిన ఇరుకు చెక్క మీద నడుస్తూ పైకి ఎక్కించాలి. కాలు జారితే కట్ట మీద పడుతుంది. ఆలస్యమైతే గడలో చక్కెర తగ్గిపోతుంది కాబట్టి, వీలైనంత త్వరగా మిల్లు గేటు చేరాలనే తొందర అందరి మీదా ఉంటుంది. కూలి రోజు లెక్కన కాక టన్ను లెక్కన జట్టుకు కడతారు, జట్టులో వాళ్లు పంచుకుంటారు. దీన్ని పక్యావ్ అంటారు. ఇలా పంచుకున్నది చట్టం చెప్పిన కనీస రోజుకూలికి తూగడం లేదని కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నాయి.

ఏప్రిల్, మే నెలల్లో మిల్లు ఆగిపోతుంది. అక్కడి నుంచి ఆగస్టు, సెప్టెంబరు దాకా తియెంపో ముయెర్తో, అంటే పని లేని చచ్చిన కాలం. చెరకు పెరుగుతూ ఉంటుంది. కలుపు తీయడానికి, ఎరువు వేయడానికి కొద్దిమంది కొద్ది రోజులు చాలు. మిగిలినవాళ్లకు పని ఉండదు. అదే సమయంలో వానలు పడతాయి. ఏ చిన్న మడి చేతిలో ఉన్నా వరో, చిలగడదుంపో, కూరగాయలో వేసుకోవడానికి సరైన అదను అదే. కానీ గుడిసె గోడ దాకా చెరకే ఉంటే విత్తనం ఎక్కడ వేయాలి? వాతావరణాన్ని బట్టి చూస్తే ఈ ప్రాంతంలో ఆకలి నెల అంటూ ఉండవలసిన పని లేదు. భూమి ఎవరి పేరున ఉంది, దానిలో ఏ పంట వేస్తున్నారు అన్న రెండు నిర్ణయాలే ఆ నెలలను సృష్టించాయి.

చక్కెర తయారయ్యాక డబ్బు నడిచే దారి కూడా తెలుసుకోదగినది. చెరకు తెచ్చిన యజమానికి మిల్లు వెంటనే డబ్బు ఇవ్వదు. టన్ను చెరకుకు సుమారు రెండు 50 కిలోల బస్తాల చక్కెర వస్తుంది. అందులో మూడింట రెండు వంతులకు అటూ ఇటూగా యజమాని వాటా, మిగిలింది మిల్లు వాటా. యజమాని వాటాకు కెదాన్ అనే గోదాము రసీదు ఇస్తారు. ఆ కాగితాన్ని వ్యాపారులు వేలంలో కొంటారు. ధర పెరిగేదాకా దాన్ని దాచుకోగల స్తోమత పెద్ద యజమానికి ఉంటుంది, ఎరువుల అప్పు తీర్చవలసిన చిన్న రైతుకు ఉండదు. 1952 నాటి చక్కెర చట్టం, యజమానుల వాటా పెరిగినప్పుడు ఆ పెరుగుదలలో 60 శాతం కూలీలకు దక్కాలని చెప్పింది. 1991 నాటి మరో చట్టం, తయారైన చక్కెర మీద చిన్న రుసుము వసూలు చేసి అందులో 80 శాతం కూలీలకు నగదు బోనసుగా, 20 శాతం వాళ్ల సంక్షేమ పనులకు ఇవ్వాలంది. కాగితం మీద ఈ చట్టాలు ఉదారమైనవే. అయితే మిల్లు రికార్డుల్లో పేరు లేని సకాదాకు వాటి ఫలం చేరేదెలా అన్నది ఎప్పటికీ తేలని ప్రశ్నగానే ఉండిపోయింది.

చరిత్రలో ఒక ఘట్టం ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. 1898 నవంబరు 5న అనిసెతో లాక్సన్, హువాన్ అరానెటాల నాయకత్వంలో ఎస్టేటుదారులు, వాళ్ల మనుషులు తాటిజాతి చెట్ల కమ్మలతో చేసిన తుపాకులు, చుట్టి నల్లరంగు పూసిన వెదురు తడికెలతో చేసిన ఫిరంగులు పట్టుకుని బకొలోడ్ మీదికి నడిచారు. అసలు ఆయుధాలనుకుని స్పానిష్ దళం లొంగిపోయింది. ఆ తరువాతి అధ్యాయాన్ని కూడా అంతే గర్వంగా చెప్పుకోవాలని నా అభిప్రాయం. ఎస్టేటుదారుల ప్రభుత్వం త్వరలోనే అమెరికా రక్షణ కోరుకుంటే, కన్లావోన్ వాలుల్లో పాపా ఇసియో అనే దియోనిసియో సిగొబేలా చెరకు తోటలను పేదలకు పంచి వరి వేయాలంటూ 1907 దాకా పోరాడాడు.

అమెరికా పాలనతో అక్కడి మార్కెట్టు తెరుచుకుంది. 1910ల్లో శాన్ కార్లోస్, సిలాయ్, విక్టోరియాస్‌లలో ఆధునిక సెంట్రల్ మిల్లులు వెలిశాయి, పొలాల మధ్య చిన్న రైలు పట్టాలు పరిచారు. సిలాయ్, తాలిసాయ్‌లలో ఇప్పటికీ నిలిచిన పెద్ద పెద్ద భవంతులు ఆ రోజుల రాబడితో కట్టినవే. ఫిలిప్పీన్స్ చక్కెరకు అమెరికా ఇచ్చిన ప్రత్యేక కోటా 1974లో ముగిసింది. ఆ ఏడాది నవంబరులో ప్రపంచ మార్కెట్టులో పౌను చక్కెర 65 సెంట్ల దాకా ఎగబాకింది. 1985 నాటికి 3 సెంట్ల కిందికి పడిపోయింది. మధ్యలో అధ్యక్షుడు మార్కోస్ ప్రభుత్వం చక్కెర కొనుగోలును, అమ్మకాన్ని గుప్పిట పెట్టుకుని, మార్కోస్ సహాధ్యాయి రొబెర్తో బెనెడిక్తో చేతికి అప్పగించింది. ప్రపంచ ధర పెరిగినప్పుడు ఆ లాభం యజమానికే సరిగా అందలేదు, ధర కూలినప్పుడు భారమంతా కూలీ మీద పడింది. బ్యాంకులు అప్పులు ఆపేయడంతో యజమానులు చెరకు వేయడం మానేశారు. పని లేని నెలలు ఏడాది పొడవునా సాగాయి. ఎముకల గూళ్లుగా మారిన నెగ్రోస్ పసిపిల్లల ఫొటోలు 1985లో ప్రపంచ పత్రికలకెక్కాయి. ఆ ఏడాది సెప్టెంబరు 20న ఎస్కలాంటే పట్టణంలో నిరసనకు దిగిన కూలీలు, రైతులు, విద్యార్థుల మీద బలగాలు కాల్పులు జరిపి 20 మందిని చంపాయి.

ఆ చీకటి రోజులకు ముందు నుంచే చర్చి పెద్దలు కొందరు కూలీల పక్షాన నిలబడ్డారు. బకొలోడ్ బిషప్ అంతోనియో ఫోర్టిచ్, బెంజమిన్ గాస్టన్‌తో కలిసి కబంకలన్ దగ్గర దకొంగ్‌కొగోన్ కొండ ప్రాంతంలో చిన్న రైతుల సహకార మిల్లును నిలబెట్టారు. అందుకు 1973లో ఇద్దరికీ రామన్ మెగసెసే పురస్కారం లభించింది. అక్టోబరులో బకొలోడ్ వీధుల్లో నవ్వు మొహాల ముసుగులతో సాగే మస్కారా పండుగ కూడా కష్టకాలంలో పుట్టిందే. 1980లో చక్కెర ధరలు దెబ్బతిన్న రోజుల్లో, ఏప్రిల్ 22న డాన్ హువాన్ అనే ఓడ మునిగి నెగ్రోస్ వాళ్లు ఎందరో చనిపోయారు. జనానికి కాస్త ధైర్యం చెప్పాలని నగరం ఆ ఏడాదే దాన్ని మొదలుపెట్టింది.

1988లో భూసంస్కరణ చట్టం వచ్చింది. యజమాని 5 హెక్టార్లు, పొలం చూసుకునే ఒక్కొక్క సంతానానికి 3 హెక్టార్లు ఉంచుకుని మిగతాది పంచాలి. పంపకం నత్తనడకన సాగినా, చాలామందికి పట్టాలు అందాయి. కానీ చెరకు పెట్టుబడి పంట. దున్నడానికి ట్రాక్టరు, ఎరువు, లారీ కిరాయి, చేతికి డబ్బు వచ్చేదాకా పది పన్నెండు నెలల తిండి ఖర్చు కావాలి. ఇవేవీ లేని కొత్త పట్టాదారు తన భూమిని పాత యజమానికో, మరో ఆసామికో కొన్నేళ్ల కౌలుకిచ్చి, ముందుగా తీసుకున్న డబ్బు ఇంటి అవసరాలకు ఖర్చుపెట్టి, తన పొలంలోనే తాను కూలికి వెళ్లడం మామూలైపోయింది. దీన్ని అరియెందో అంటారు. పట్టా ఇచ్చినంతనే భూమి చేతికి వచ్చినట్లు కాదని దీన్ని చూస్తే తెలుస్తుంది. 2015 నాటి చక్కెర పరిశ్రమ చట్టం చిన్న కమతాలను కనీసం 30 హెక్టార్ల బ్లాకులుగా కలిపి యంత్రాలు, పరపతి అందించాలని తలపెట్టి ఏటా 200 కోట్ల పెసోల నిధిని నిర్దేశించింది. 2023లో మరో చట్టం పట్టాదారుల భూమి బకాయిలను మాఫీ చేసింది. ఇవి సరైన దిశలో పడిన అడుగులే. మరోవైపు 2018 అక్టోబరులో సాగాయ్‌లో, చెరకు భూమిలో తిండి పంటలు వేయడానికి గుడారం వేసుకున్న తొమ్మిది మందిని రాత్రివేళ కాల్చి చంపారు. తిండి గింజలు విత్తుకోవడం ప్రాణం మీదికి తెచ్చే పరిస్థితి అక్కడ ఇంకా పోలేదు.

కొత్త దారులు లేకపోలేదు. కరువు తరువాత జపాన్ వినియోగదారులతో నేరుగా ఏర్పడిన సంబంధాల వల్ల మస్కోవాడో అనే ముడి చక్కెర, కొండవాలుల్లోని బలంగోన్ అరటి న్యాయమైన ధరకు ఎగుమతి అవుతున్నాయి. 2005లో రెండు నెగ్రోస్ ప్రావిన్సులు సేంద్రియ సాగు దీవిగా మారాలని ఒప్పందం చేసుకున్నాయి. శాన్ కార్లోస్‌లో చెరకు నుంచి ఇథనాల్ తీస్తున్నారు. బకొలోడ్‌లో కాల్ సెంటర్లు చదువుకున్న యువతకు పని ఇస్తున్నాయి, విదేశాల నుంచి వచ్చే డబ్బు ఎన్నో ఇళ్లను నిలబెడుతోంది.

2024 జూన్ 3న, మళ్లీ డిసెంబరు 9న కన్లావోన్ పేలింది. లా కాస్తెల్యానా, లా కార్లోతా ప్రాంతాల చెరకు మీద బూడిద పడింది, వేలాది కుటుంబాలు శిబిరాలకు చేరాయి. డిసెంబరు అంటే మిల్లులు నిండుగా ఆడే కాలం. ఆ నెలల కూలే పని లేని నెలలకు తిండి. ప్రభుత్వం టుపాడ్ పథకం కింద కొద్ది రోజుల అత్యవసర పని ఇస్తుంది. దాన్ని తీసిపారేయను, కానీ నెలల తరబడి ఖాళీకి రోజుల లెక్కన పని సరిపోదు.

1986 తరువాత గవర్నరుగా ఉన్న డేనియల్ లాక్సన్ 60-30-10 అని ఒక ప్రణాళిక ముందుకు తెచ్చారు. ఎస్టేటు భూమిలో 60 శాతంలో చెరకే ఉండాలి, 30 శాతంలో ఇతర పంటలో చేపల చెరువులో రావాలి, 10 శాతం కూలీలు తిండి పండించుకోవడానికి ఇవ్వాలి అన్నది దాని సారం. భూస్వాముల నుంచి వ్యతిరేకత రావడంతో అది అనుకున్నట్లు అమలు కాలేదు. ఈ ప్రాంతం గురించి చదివిన ప్రతిసారీ నా దృష్టి ఆ చివరి పది శాతం మీదే ఆగుతుంది. దానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. మే, జూన్ వానలకు విత్తితే, గడ్డు నెలలు గడిచేలోపే కూరగాయలు, మొక్కజొన్న కోతకు వస్తాయి, ఆ తరువాత చిలగడదుంప తవ్వుకోవచ్చు. ఇప్పుడు బ్లాకు సాగుకు సాయం అందించేటప్పుడు ప్రతి బ్లాకులోనూ ఆ పది శాతాన్ని తిండి పంటకు విడిచిపెట్టాలనే నిబంధన పెడితే, భూమి ఇప్పటికే కూలీల పేరున ఉన్న చోట దాన్ని అడ్డుకునే యజమాని కూడా ఉండడు.